అతివాహకపు తీగ – దాని మోతకు హద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



ధాన్యమును కుంచముతో కొలుచు దినములలో కళ్ళము కడ ఒక తగవు తరచుగ పుట్టుచుండెడిది. కొలుచువాడు కుంచమును గుట్టగా పోయుచున్నాడా, లేక అంచుతో సమముగ చదును చేయుచున్నాడా అనునదే ఆ తగవు. కుంచము అదే, ధాన్యము అదే, కొలుచు చేయి అదే. అయినను గుట్టగా పోసిన పది కుంచములు వేరు, చదును చేసిన పది కుంచములు వేరు. కావున తెలిసినవారు బేరము కుదురునాడే ఎట్లు కొలువవలెనో ముందుగ చెప్పుకొనుచుండిరి. ఆ మాట చెప్పుకొననిచో పది యను సంఖ్యకు అర్థము లేదు.

ఆధునిక విజ్ఞానశాస్త్రమున మిక్కిలి సూక్ష్మమైన పరికరములతో జరుగు ఒక కొలతయందును సరిగా ఇట్టి చిక్కే కలదు. అతివాహకపు తీగ ఎంత విద్యుత్తును మోయగలదు అనునదే ఆ కొలత. ఆ మోతకు గల హద్దునకు శాస్త్రజ్ఞులు సందిగ్ధ విద్యుత్ప్రవాహమని పేరు పెట్టినారు. ఆ హద్దు ఏమి, దానిని నిర్ణయించువారెవరు, కొలుచు విధమెట్టిది, పొరబడినచో కలుగు నష్టమేమి అను నాలుగు విషయములు ఈ ఉపన్యాసమున వివరింపబడును.

ఈ విషయము పల్లెకు దూరమైనదని తలపరాదు. తలలోనో వెన్నులోనో జబ్బు కలిగినప్పుడు పట్టణపు ఆసుపత్రికి పోయి, ఎం.ఆర్.ఐ. యనబడు గొట్టము వంటి యంత్రములో పడుకొని వచ్చినవారు నేడు ప్రతి గ్రామమునను కలరు. ఆ యంత్రములలో అధిక భాగమునకు ప్రాణము అతివాహకపు తీగచుట్టయే. నియోబియము, టైటానియము అను రెండు లోహములను కలిపి చేసిన తీగను కిలోమీటర్ల కొలది చుట్టి, ద్రవ హీలియముతో చల్లబరచి, అందు విద్యుత్తును ప్రవహింపజేసెదరు. అప్పుడు పుట్టు అయస్కాంత క్షేత్రము సాధారణముగ 15,000 గాసులు. భూమి యొక్క అయస్కాంత క్షేత్రమో అర గాసు మాత్రమే. ఆ తీగ తన మోతకు మించిన బరువు నెత్తుకొన్నచో చల్లని హీలియము ఒక్కమారుగ ఆవిరియై పోవును, యంత్రము నిలిచిపోవును. కావున తీగ మోతను గూర్చి తయారుచేసినవాడు చెప్పు సంఖ్య నమ్మదగినదియై ఉండవలెను.

మొదట అతివాహకమనగా నేమో చూడవలెను. రాగి తీగలో విద్యుత్తు ప్రవహించునప్పుడు కొంత నిరోధము కలుగును. ఆ నిరోధము వలన తీగ వేడెక్కును. విద్యుత్తు ఎక్కువైన కొలది వేడి మరింత ఎక్కువగును. ప్రవాహము రెట్టింపైన వేడి నాలుగింతలగును. ఇండ్లలో పలుచని తీగపై బరువైన మోటారును నడిపినచో తీగ కాలిపోవుట అందరును ఎరిగినదే.

హాలెండు దేశమున లైడెన్ నగరమందు కామర్లింగ్ ఓనెస్ అను శాస్త్రజ్ఞుడు 1908వ సంవత్సరము జులై నెలలో హీలియము వాయువును మొదటిసారిగ ద్రవముగ మార్చెను. ఆ ద్రవము సున్న డిగ్రీ సెంటిగ్రేడునకు 269 డిగ్రీలు దిగువన, అనగా 4.2 కెల్విన్ల కడ మరుగును. అంతటి చలిలో లోహముల నిరోధమెట్లుండునో పరీక్షించుచు, 1911వ సంవత్సరము ఏప్రిలులో ఆయన బృందము పాదరసమును కొలిచెను. ఆ చలిలో పాదరసపు నిరోధము కొలతకు అందకుండ మాయమయ్యెను. ఇదియే అతివాహకత్వము. 1913లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను.

నిరోధము లేని తీగ దొరికినదన్న ఓనెస్ మనస్సున ఒక గొప్ప ఆశ పుట్టుట సహజమే. వేడెక్కని తీగను చుట్టగా చుట్టి లక్ష గాసుల అయస్కాంతమును నిర్మింపవచ్చునని ఆయన తలచెను. 1913లో షికాగో నగరమున జరిగిన శీతలీకరణ మహాసభలో ఆ ఆలోచనను వెల్లడించెను. కాని అదే సంవత్సరము ఆయన ప్రయోగశాలలో మరియొక సత్యము బయటపడెను. పాదరసపు దారములో విద్యుత్తును పెంచుకొనిపోగా, ఒక హద్దు దాటినంతనే తీగ కొనల నడుమ వోల్టేజి కనిపించెను. తీగలో అక్కడక్కడ చెడు చోటులుండి, అవి వేడెక్కుటయే కారణమని ఆయన మొదట భావించెను. 1914లో అసలు కారణము తెలియవచ్చెను. అయస్కాంత క్షేత్రమే అతివాహకత్వమును చెరుచుచున్నది. సీసపు తీగకు 4.2 కెల్విన్ల కడ సుమారు 600 గాసులు చాలును. లక్ష గాసుల ఆశ ఆరు వందల కడనే ఆగిపోయెను.

1916లో అమెరికా దేశపు ప్రమాణముల కార్యాలయమున పనిచేయు సిల్స్బీ అను శాస్త్రజ్ఞుడు ఈ రెండు సత్యములను ఒకటిగ ముడివేసెను. విద్యుత్తు ప్రవహించు ప్రతి తీగ చుట్టును అయస్కాంత క్షేత్రము పుట్టును గదా. తీగ తాను పుట్టించుకొన్న క్షేత్రము దాని ఉపరితలమున ఆ నాశకపు హద్దును చేరినప్పుడు తీగ తన గుణమును కోల్పోవును. లెక్క వేసి చూచినచో, ఒక మిల్లీమీటరు మందము గల సీసపు తీగ 4.2 కెల్విన్ల కడ సుమారు 140 ఆంపియర్లకు మించి మోయజాలదు. మందము రెట్టింపైనచో మోతయును రెట్టింపే యగును గాని నాలుగింతలు కాదు. వెలుపలి క్షేత్రము మరికొంత తోడైనచో ఆ మోత ఇంకను తగ్గును. ఇట్టి తీగతో బలమైన అయస్కాంతము నిర్మించుట అసాధ్యము.

దాదాపు అర్ధ శతాబ్దము గడచిన పిమ్మట మార్గము దొరికెను. కొన్ని మిశ్రలోహములు సీసము వలె, పాదరసము వలె ఒక్కమారుగ లొంగిపోవక, క్షేత్రమును కొంచెము కొంచెముగ తమలోనికి రానిచ్చుచు కూడ అతివాహకములై నిలుచునని ఖార్కివ్ నగరమున షుబ్నికోవ్ బృందము 1930ల దశకమున చేసిన ప్రయోగములు చూపెను. దాని సిద్ధాంతమును అబ్రికోసోవ్ 1957లో ప్రకటించెను. 2003లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగము లభించెను. 1961లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు కున్‌జ్లర్ బృందము నియోబియము, తగరము కలిసిన సమ్మేళనమును పరీక్షించెను. 88,000 గాసుల క్షేత్రమున, ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకోతకు లక్ష ఆంపియర్లను అది నిరోధము లేక మోసెను. ఓనెస్ కన్న కల అట్లు నిజమయ్యెను. నేటి పెద్ద అయస్కాంతములన్నియు ఆ మార్గముననే వచ్చినవి.

ఇచ్చటనే హద్దు యొక్క అసలు స్వభావమును గ్రహింపవలెను. ఇట్టి లోహములలో అయస్కాంత క్షేత్రము సన్నని దారముల రూపమున దూరును. ప్రతి దారము చుట్టును విద్యుత్తు సుడి వలె తిరుగుచుండును. తీగలో విద్యుత్తును ప్రవహింపజేసినప్పుడు అది ఆ సుడులను ఒక ప్రక్కకు త్రోయును. సుడులు కదలినచో వోల్టేజి పుట్టును; వోల్టేజి పుట్టినచో వేడి పుట్టును. వరద వచ్చిన కాలువలో పడవలు కొట్టుకొనిపోకుండ గుంజలకు కట్టినట్లు, ఈ సుడులను లోహములోని లోపములకు కట్టివేయవలెను. నియోబియము, టైటానియము కలిసిన తీగను పలుమారులు సాగదీసి, నడుమ నడుమ కాచి, లోన టైటానియపు సన్నని పొరలు ఏర్పడునట్లు చేసెదరు. ఆ పొరలే గుంజలు. నియోబియము, తగరము కలిసిన తీగలో సూక్ష్మమైన రేణువుల నడుమ సరిహద్దులే గుంజలు. కావున అతివాహకమునకు ఎంత చక్కని లోపము లున్నచో మోత అంత హెచ్చు. మిక్కిలి నిర్మలమైన లోహము ఈ పనికి పనికిరాదు.

అయితే గుంజకు కట్టిన పడవ కదలనే కదలదా? ప్రవాహము పెరిగిన కొలది త్రాడు సాగును. ఎక్కడనో ఒక ముడి జారును. ఒక పడవ తప్పించుకొనును. 1962లో కిమ్ బృందము ప్రయోగములలోను, ఆండర్సన్ సిద్ధాంతములోను చూపినది ఇదియే. వేడి వలన కలుగు కదలికలచే కొన్ని సుడులు హద్దునకు లోపలనే జారుచుండును. కావున నిరోధము సున్న యుండు చోటు ఇదిగో, లేని చోటు అదిగో అని గట్టు వేసి చూపుటకు వీలులేదు. వోల్టేజి మొదట కొలతకు అందనంత తక్కువగ నుండి, పిదప మెల్లగ తల యెత్తి, ఆ తరువాత నిటారుగ లేచును. చెరువు గట్టు మొదట చెమ్మగిల్లును, పిదప బొట్టు బొట్టుగ కారును, ఆ మీదట ధారయై, తుదకు గండిపడును. గట్టు ఏ క్షణమున చెడినదని అడిగినచో, చెమ్మను లెక్కించువాడు ఒక మాట చెప్పును, ధారను లెక్కించువాడు మరియొక మాట చెప్పును.

కావున శాస్త్రజ్ఞులు ఒక ఒడంబడికకు వచ్చిరి. తీగలో ప్రతి సెంటీమీటరునకు ఇంత వోల్టేజి కనిపించునప్పటి విద్యుత్తును సందిగ్ధ విద్యుత్ప్రవాహమని పిలువవలెనని నిర్ణయించుకొనిరి. ద్రవ నత్రజనిలో పనిచేయు క్రొత్త అతివాహకములకు సాధారణముగ సెంటీమీటరునకు ఒక మైక్రోవోల్టు, అనగా వోల్టులో పది లక్షలవ వంతు, హద్దుగ తీసికొందురు. ద్రవ హీలియములో పనిచేయు తీగలకు అందులో పదవ వంతును తరచుగ వాడుదురు. మరికొందరు వోల్టేజికి బదులు తీగ యొక్క విశిష్ట నిరోధమును పట్టుకొందురు. ఓము మీటరులో నూరు లక్షల కోట్లవ వంతు వారి హద్దు. ఇంకొక పద్ధతిలో వోల్టేజి వక్రరేఖకు ఒక నియమిత స్థానమున స్పర్శరేఖను గీచి, అది వోల్టేజి సున్నగా గల అక్షమును తాకు చోటును హద్దుగ గొందురు. ఇవి అన్నియు ఒకే తీగకు వేరువేరు సంఖ్యల నిచ్చును. ఏదియు అబద్ధము కాదు. కుంచమును గుట్టగా పోయుట, చదును చేయుట వంటి భేదమే ఇది.

ఆ భేదమెంత? వోల్టేజి ఎంత నిటారుగ లేచునో తెలుపుటకు శాస్త్రజ్ఞులు ‘ఎన్’ అను ఒక సంఖ్యను వాడుదురు. ఎన్ విలువ 30 గల తీగలో విద్యుత్తు పది శాతము పెరిగినచో వోల్టేజి పదిహేడింతలగును. అట్టి తీగకు ఒక మైక్రోవోల్టు హద్దునకు బదులు పదవ వంతు హద్దును తీసికొన్నచో మోత సుమారు ఏడు శాతము తగ్గి కనిపించును. ఎన్ విలువ 10 మాత్రమే యున్న తీగకు ఆ తగ్గుదల ఇరువది శాతము. అనగా ఒక వ్యాపారి వంద ఆంపియర్ల తీగ యని అమ్మినది మరియొకని కొలతలో ఎనుబది ఆంపియర్ల తీగయే యగును. అందుచేత ఎన్ విలువను కూడ చెప్పుట మంచి తయారీదారుని లక్షణము. ఎన్ హెచ్చుగ నున్న తీగలో నారలు సమముగ నున్నవని, తక్కువగ నున్న తీగలో ఎక్కడనో సన్నగిల్లినవని సామాన్యముగ ఊహింపవచ్చును.

చెప్పవలసినది ఇంకొకటి కలదు. ఒక తీగ మోతను చదరపు మిల్లీమీటరునకు ఇన్ని ఆంపియర్లని చెప్పునప్పుడు ఏ మిల్లీమీటరును లెక్కించినారో అడుగవలెను. జెనీవా నగరము చెంత సెర్న్ సంస్థవారి 27 కిలోమీటర్ల సొరంగమున అమర్చిన గొప్ప అయస్కాంతములను చూడుడు. వాని లోపలి పొరకు వాడిన తీగ మందము 1.065 మిల్లీమీటర్లు. అందు ఏడేసి మైక్రాన్ల సన్నని నారలు సుమారు 8,900 కలవు. నారల నడుమ రాగి నింపబడియున్నది. అతివాహకత్వము చెడిన క్షణమున విద్యుత్తుకు ఆ రాగియే దారి. లక్ష గాసుల క్షేత్రమున, 1.9 కెల్విన్ల కడ, ఆ తీగ కనీసము 515 ఆంపియర్లు మోయవలెనని నియమము. తీగ అడ్డుకోత నంతను లెక్కించినచో ఇది చదరపు మిల్లీమీటరునకు 580 ఆంపియర్ల లోపు. రాగిని తీసివేసి నారలను మాత్రమే లెక్కించినచో 1,500 దాటును. తీగ ఒకటే, మోత ఒకటే, సంఖ్యలు మాత్రము రెండు. నారల గుణమును తెలిసికొనగోరు శాస్త్రజ్ఞునకు రెండవ సంఖ్య కావలెను. చుట్టకు ఎంత చోటు పట్టునో చూచు ఇంజనీరునకు మొదటిది కావలెను. ఏది ఏదియో చెప్పక పెద్ద సంఖ్యను మాత్రమే ప్రకటించుట న్యాయము కాదు.

ఇక కొలుచు విధము. తీగ ముక్కను ఒక పట్టెడపై చుట్టి, రెండు కొనలను బలమైన రాగి కడ్డీలకు టంకము వేసి అతుకుదురు. ఆ కడ్డీల ద్వారా విద్యుత్తు వచ్చి పోవును. వోల్టేజిని కొలుచు సన్నని తీగలు రెండు వేరుగ, కొనలకు దూరముగ, నడిమి భాగమున అతుకబడును. ఇట్లు నాలుగు అతుకులుండుటచే దీనిని నాలుగు కొనల పద్ధతి యందురు. విద్యుత్తు వచ్చు అతుకులకు నిరోధమున్నను, అది కొలతలోనికి రాకుండుట ఇందలి మేలు. పట్టెడను ద్రవ హీలియములో ముంచి, చుట్టును పెద్ద అయస్కాంతమును అమర్చి, విద్యుత్తును మెల్లగ పెంచుచు వోల్టేజిని వ్రాసికొందురు.

వినుటకు ఇది సులభమే. చేయుటలో అడుగడుగునకు గోతులు కలవు. వోల్టేజి తీగల అతుకులు పది సెంటీమీటర్ల దూరమున నున్నచో కొలువవలసిన మొత్తము ఒక్క మైక్రోవోల్టు. చేతిదీపములోని ఒక్క ఘటము అందుకు పదిహేను లక్షల రెట్లు. కొలుచు రాగి తీగల ఒక కొన హీలియపు చలిలోను, మరియొక కొన గది వేడిలోను ఉండుటచే, విద్యుత్తు లేకున్నను కొన్ని మైక్రోవోల్టులు తమంత తామే పుట్టును. కావున విద్యుత్తు సున్నగ నున్నప్పుడు కనిపించు వోల్టేజిని ముందు వ్రాసికొని, దానిని తీసివేయవలెను. విద్యుత్తు కొనల చెంత రాగి నుండి నారలలోనికి చేరుటకు కొంత దూరము పట్టును. వోల్టేజి అతుకు ఆ దూరములో పడినచో తీగ మంచిదైనను చెడ్డదిగ కనిపించును.

విద్యుత్తు, అయస్కాంత క్షేత్రము కలిసినచోట తీగపై బలము పుట్టును. ఆ బలము తీగను పట్టెడ మీదికి అదుమునట్లు విద్యుత్తు దిశను ఎన్నుకొనవలెను. లేనిచో తీగ పైకి లేచి కదలును. ఒక్క కదలిక వలన పుట్టు వేడియే అతివాహకత్వమును చెరుపవచ్చును. నియోబియము, తగరము కలిసిన సమ్మేళనము పింగాణి వలె పెళుసు. పట్టెడ చలికి కుంచించుకొనుట హెచ్చు తగ్గయినచో తీగపై ఒత్తిడి మారి, మోతయే మారిపోవును. ఒకే తీగను రెండు వేరు పట్టెడలపై కొలిచి రెండు సంఖ్యలు పొందుట ఇందువలననే. హీలియము మరుగు ఉష్ణోగ్రత వాతావరణ పీడనముతో మారును, దానిని సరిచూచుకొనవలెను. ఇన్నింటిని గమనించువాడే నమ్మదగిన కొలత నిచ్చును.

తీగను ముట్టకుండ కొలుచు పద్ధతియు ఒకటి కలదు. 1962లో చార్లెస్ బీన్ అను శాస్త్రజ్ఞుడు దానికి మూలమైన భావము నిచ్చెను. కళ్ళములో ధాన్యమును పోయుచుండగ రాశి ప్రక్కలు ఒక వాలునకు మించి నిలువవు. ఆ వాలు మించినచో గింజలు జారును. అట్లే అతివాహకములో దూరిన క్షేత్రము అంచు నుండి లోనికి ఒక వాలుతో తగ్గుచుండును. ఆ వాలే సందిగ్ధ విద్యుత్తు. వెలుపల నుండి అయస్కాంతత్వమును కొలిచి ఆ వాలును లెక్కింపవచ్చును. నేడు క్రొత్త అతివాహకపు పట్టీలను ఈ విధముగ పొడవునా పరీక్షించుచు, ఎక్కడ బలహీనమో గుర్తింతురు.

ఇన్ని పద్ధతులు, ఇన్ని హద్దులు ఉన్నప్పుడు దేశదేశముల వారికి ఒక ఉమ్మడి కొలత కావలసివచ్చెను. అమెరికా ప్రమాణముల కార్యాలయము 1980ల దశకమున మోత నిర్ధారింపబడిన నియోబియము టైటానియము తీగను ప్రమాణ పదార్థముగ ప్రపంచమున కందించెను. తూకపు రాయి సరియైనదో కాదో సర్కారు ముద్ర గల రాయితో సరిచూచుకొన్నట్లు, ఏ ప్రయోగశాలయైనను ఆ తీగను కొలిచి తన పరికరమును సరిచూచుకొనవచ్చును. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము అతివాహకముల కొరకు 1989లో 90వ సంఖ్య గల ఉపసంఘమును ఏర్పరచెను. ఆ ఉపసంఘపు కృషి ఫలితముగ 1998లో నియోబియము టైటానియము తీగల సందిగ్ధ విద్యుత్తును కొలుచు ప్రమాణము వెలువడెను.

దాని ప్రయోజనమునకు ఫ్రాన్సు దేశమున కదరాష్ చెంత నిర్మాణమగుచున్న ఐటర్ యంత్రమే సాక్ష్యము. సూర్యునిలో జరుగు కేంద్రక సంయోగమును భూమిపై సాధించుటకై చేయుచున్న ప్రయత్నమది. భారతదేశమును అందు భాగస్వామియే. దాని అయస్కాంతములకు ఐదువందల టన్నులకు మించిన నియోబియము తగరపు తీగను చైనా, ఐరోపా, జపాను, కొరియా, రష్యా, అమెరికా అను ఆరు భాగస్వాములు వేరువేరుగ తయారుచేసిరి. అందరి తీగయు 4.2 కెల్విన్లు, 1,20,000 గాసులు, సెంటీమీటరునకు మైక్రోవోల్టులో పదవ వంతు అను ఒకే షరతుపై కొలువబడెను. షరతు ఒకటి కానిచో ఆ తీగలు ఒకే యంత్రములో ఇముడుట ఎట్లు?

హద్దు తెలిసిన పిదప ఇంజనీరు ఆ హద్దు వరకు తీగను నడుపునా? నడుపడు. వంద ఆంపియర్ల విద్యుత్తు మోయు ఒక కిలోమీటరు తీగలో సెంటీమీటరునకు ఒక మైక్రోవోల్టు చొప్పున వోల్టేజి పుట్టినచో, మొత్తము పది వాట్ల వేడి. పది వాట్లు మన దృష్టికి స్వల్పమే. కాని ద్రవ హీలియములో ఆ వేడి గంటకు సుమారు పదునాలుగు లీటర్ల ద్రవమును ఆవిరి చేయును. కావున హద్దునకు చాలినంత దిగువనే నిలిచెదరు. ఎన్ విలువ 30 గల తీగను హద్దులో ఎనుబది శాతమున నడిపినచో వోల్టేజి ఎనిమిది వందలవ వంతునకు పడిపోవును. సగమునకు తగ్గించినచో నూట ఏడు కోట్లవ వంతునకు పడిపోవును. ఎం.ఆర్.ఐ. యంత్రపు క్షేత్రము గంటకు కోటిలో ఒక వంతునకు మించి తగ్గరాదు. అనగా కిలోమీటర్ల కొలది తీగకంతకును కలిపి ఒక మైక్రోవోల్టు ప్రాంతమున మాత్రమే వోల్టేజి యుండవలెను. రోగి తలలోని చిత్రము స్పష్టముగ వచ్చుట ఈ నియమముపై ఆధారపడియున్నది.

సూక్ష్మమైన వోల్టేజిని సకాలమున గమనింపనిచో జరుగు నష్టమునకు 2008వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీ దృష్టాంతము. ముందు చెప్పిన సెర్న్ సొరంగమున యంత్రము ఆరంభమై పది దినములైనను కాలేదు. అయస్కాంతములలో విద్యుత్తును పెంచుచుండగ 8,700 ఆంపియర్ల కడ, రెండు అయస్కాంతముల నడుమ తీగల అతుకు ఒకటి చెడెను. తీగ మంచిదే; అతుకే సరిగ లేదు. దాని నిరోధము సుమారు 200 నానో ఓములని పిమ్మట అంచనా వేసిరి. నానో ఓమనగా ఓములో వంద కోట్లవ వంతు. ఆ స్వల్ప నిరోధమునకే 8,700 ఆంపియర్ల కడ పుట్టు వేడి సుమారు పదిహేను వాట్లు. ఒక చిన్న దీపమంత. అంతట అతుకు కరగి, విద్యుత్తు మెరుపై హీలియము నిండిన పాత్రను చీల్చెను. సుమారు ఆరు టన్నుల హీలియము వెలువడెను. 53 అయస్కాంతములను సొరంగము నుండి పైకి తీయవలసివచ్చెను. యంత్రము తిరిగి నడచుటకు 2009 నవంబరు వరకు పట్టెను. ఆ పిదప అతుకులన్నింటిని కనిపెట్టి యుండుటకు మిక్కిలి సూక్ష్మమైన వోల్టేజి కొలతలను అమర్చిరి. గట్టుకు గండి పడిన తరువాత చూచుట కాదు, చెమ్మను ముందుగ చూచుటయే కాపలా యని ఆ సంఘటన నేర్పెను.

పత్రికలు చదువు అలవాటు గల గ్రంథాలయ సభ్యులకు మరియొక సంగతి గుర్తుండవచ్చును. 2023వ సంవత్సరము జులైలో కొరియా దేశపు శాస్త్రజ్ఞులు కొందరు గది వేడిలోనే నిరోధము లేని పదార్థమును కనుగొంటిమని ప్రకటించిరి. కొలది దినములు ప్రపంచమంతయు సంచలనము చెలరేగెను. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలతో పాటు అనేక దేశముల వారు ఆ పదార్థమును తయారుచేసి పరీక్షించిరి. అతివాహకత్వము కనిపింపలేదు. నిరోధము హఠాత్తుగ పడిపోవుటకు అందు కలిసిన రాగి గంధకపు మాలిన్యము కారణమని తేలెను. నిరోధము తగ్గినది అనుట వేరు, కొలత హద్దు వరకు లేదనుట వేరు. ఎంత విద్యుత్తును ఏ షరతుపై ఎంత వోల్టేజి లేక మోసినది అని అడిగి, జవాబు వచ్చు వరకు ఆగినవారు మోసపోలేదు.

ఈ ఉపన్యాసపు సారమింతే. సందిగ్ధ విద్యుత్ప్రవాహము పొలము గట్టున పాతిన సరిహద్దు రాయి వలె ప్రకృతిలో పడియున్న వస్తువు కాదు. ప్రకృతి ఇచ్చినది ఒక వక్రరేఖ. ఆ రేఖపై ఈ చోట నిలుతమని మానవులు చేసికొన్న ఒడంబడిక హద్దు. ఒడంబడిక యని దానిని తక్కువ చేయరాదు. కుంచముపై ఒడంబడిక లేనిచో సంత నడువదు. హద్దుపై ఒడంబడిక లేనిచో ఆసుపత్రి యంత్రము నడువదు. ఉష్ణోగ్రత ఎంత, క్షేత్రమెంత, వోల్టేజి హద్దు ఏది, లెక్కించిన అడ్డుకోత ఏది అను నాలుగింటిని తోడు తెచ్చుకొన్న సంఖ్యయే సత్యము. వానిని విడిచి ఒంటరిగ వచ్చిన సంఖ్య ఎంత పెద్దదైనను, గుట్టగా పోసినదో చదును చేసినదో తెలియని కుంచము వంటిది.

గ్రంథాలయము ఇరువది యైదు సంవత్సరములుగ ఈ గ్రామమునకు చేయుచున్న మేలును ఈ సందర్భమున తలచుకొనవలెను. పుస్తకములోని సంఖ్యను నమ్ముటకు ముందు అది ఎట్లు కొలువబడినదో అడుగుట చదువరి నేర్చుకొనదగిన మొదటి గుణము. ఆ అడుగు అలవాటు బీరువాల చెంత కూర్చుండు పిల్లలకు అబ్బినచో, రేపటి కొలతలు వారి చేతిలో భద్రముగ నుండును.